అన్నయ్యకి ఆరో నంబరు

బొంగు మొదలును ఎడమ అరచేతిలో ఆనించుకుని, చివరను బల్లమీద పెట్టి, కుడిచేతి వేళ్ళతో నడుమ నొక్కుతూ మెల్లగా దొర్లిస్తున్నాడు తమ్ముడు. బొంగంటే లోపల బోలుగా, పైన నల్లగా నిగనిగలాడే సన్నటి గొట్టం. దానికి పిడి, రింగులు, రీలు బిగించే సీటు అమర్చితే ఫ్లై రాడ్ అవుతుంది. ఈకలతో కట్టిన ఉత్తుత్తి ఈగను నీళ్ళమీదికి విసిరి చేపను ఆశపెట్టే కర్ర అది. ఏ గొట్టానికైనా ఒక పక్కన వెన్ను ఉంటుంది. దొర్లిస్తూ పోతే ఒకచోట చేతికింద చటుక్కున తిరగబడుతుంది. అక్కడ పెన్సిలుతో గీత గీసుకుని, ఆ గీతను చూసుకుంటూ రింగులు కట్టాలి. గీత తప్పిందా, విసిరిన ప్రతిసారీ కర్ర పక్కకి మెలికపడుతుంది. ఎంత పనిమంతుడి చేతిలో పెట్టినా అంతే.

గీత గీశాడు. సరిచూసుకుందామని మళ్ళీ దొర్లిస్తుంటే గుమ్మంలో వెలుగు తగ్గింది.

"ఏరా మూడూ, బతికే ఉన్నావా?"

తలెత్తి చూడక్కర్లేదు. ఆ గొంతు అన్నయ్యది.

"రా అన్నయ్యా. ఆ స్టూలు మీద వార్నిషుంది, దానిమీద కూర్చోకు."

"నీ కొట్లో కూర్చోడానికి చోటెక్కడ ఏడ్చింది! పిల్లకి జడలేసినట్టు రోజంతా దారాలు చుట్టుకుంటూ ఎలా ఉంటావురా? నాకైతే పిచ్చెక్కుతుంది."

సరస్సు రేవులో ఒక అలవాటుంది. ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళని పడవెక్కించుకుని చేపలు పట్టించే గైడ్లు ఒకర్నొకరు పేరు పెట్టి పిలుచుకోరు. ఎవరి కర్ర నంబరు వాళ్ళ పేరు. రేవు షెడ్డులో గోడవారగా కర్రలు నిలబెట్టే చట్రం ఉంది. పిడికి పైన రాసిన అంకె బయటికి కనపడేలా నిలబెట్టాలి. "ఏడు ఇంకా రాలేదేం?" "ఎనిమిది పెళ్ళానికి జ్వరమట." వాళ్ళ మాటలు ఇలాగే సాగుతాయి. అన్నయ్య తొమ్మిది. ఆ రేవులో అంతకు మించిన అంకె లేదు. డబ్బిచ్చి పడవెక్కేవాళ్ళు కూడా "తొమ్మిదిగారున్నారా?" అని అడుగుతారు. వదిన కూరగాయలు కొనడానికెళ్తే "తొమ్మిదిగారింటావిడ" అని చోటిస్తారు.

నిజానికి ఆ అంకె మనిషి బలం కాదు, కర్ర బలం అంతకన్నా కాదు. మామూలు గాలానికి సీసం గుండు కడతారు. గుండు ముందు పోతుంటే దారం దాని వెనక పోతుంది. ఈకల ఈగకి బరువెక్కడిది? ఊదితే ఎగిరిపోతుంది. అందుకని ఇక్కడ లైనుకే, అంటే దారానికే, బరువు పెడతారు. మందంగా పూత పూసిన ఆ లైనును గాల్లో వెనక్కీ ముందుకీ ఆడించి వదిలితే అదే ఈగను మోసుకుపోతుంది. ఆ లైను ఎంత బరువుదో కర్ర మీది అంకె చెబుతుంది. కొమ్మలు వంగిన చిన్న వాగుకి, అరచేతిలో ఇమిడే చేపకి మూడు చాలు. ఈగ చప్పుడు లేకుండా వాలుతుంది. కాస్త వెడల్పయిన ఏటికి ఐదు. గాలి కొట్టే సరస్సుకి, కాస్త పెద్ద ఈగలకి ఆరు, లేదా ఏడు. చేప మరీ మొండిదైతే ఎనిమిది. తొమ్మిది, పది సముద్రం ఒడ్డున నిలబడేవాళ్ళకి. ఈ సరస్సులో తొమ్మిది పట్టుకోవడమంటే చీపురుపుల్ల విరవడానికి గొడ్డలి తెచ్చుకోవడమే.

ఈ సంగతి రేవులో అందరికీ తెలుసు. తెలిసీ ఒక్కడూ అంకె తగ్గించుకోడు.

అన్నయ్య తన పాత కర్రను బల్లమీద పడేశాడు. "దీనికేదో అయిందిరా. బరువెక్కింది."

"కర్రలు బరువెక్కవు అన్నయ్యా."

"అయితే నేను అబద్ధం చెబుతున్నానా? ఎత్తితే తెలుస్తోంది కదా. కొత్తది చెయ్యి. తొమ్మిదే, కాకపోతే తేలిగ్గా ఉండాలి. పడవలు కొన్నావిడ సంగతి విన్నావుగా?"

విన్నాడు. ఊరంతా విన్నది. కొత్త యజమానురాలు రేవుకి ఎదురుగా నీళ్ళమీద పాత లారీ ట్యూబొకటి కట్టించింది. ఆదివారం పొద్దున ఒక్కో గైడూ పడవలో నిలబడి దాంట్లో ఈగ వేయాలి. ఎవరికైనా రెండే అవకాశాలు. వేసినవాడికి పడవ ఉంటుంది. వేయలేనివాడు తాళం ఇచ్చేసి ఇంటికి పోవాలి. కర్ర ఎవరికి నచ్చింది వాళ్ళు తెచ్చుకోవచ్చు.

"పడవ పోతే ఇంట్లో కూర్చుని మీ వదిన మొహం చూస్తూ చావాలిరా," అని అన్నయ్య నవ్వాడు. నవ్వు మధ్యలోనే తెగింది.

"ఒకసారి సందులో విసిరి చూపించు."

"నాకు విసరడం నువ్వు నేర్పుతావా?"

"నువ్వెలా విసురుతావో చూస్తే పిడి దానికి తగ్గట్టు చేస్తాను."

అలా అంటే ఒప్పుకున్నాడు. కొట్టు పక్క సందు పొడుగ్గా, మనుషుల్లేకుండా ఉంటుంది. లైను చివర ఈగ ముల్లుకు బదులు ఎర్ర ఊలు పోగు కట్టి ఇచ్చాడు. అన్నయ్య కాళ్ళు ఎడం చేసి నిలబడి కర్ర ఎత్తాడు. మోచెయ్యి రొమ్ము దాకా లేచి అక్కడే ఆగిపోయింది. పైకి లేవనిదాన్ని లేపడానికి నడుం తిప్పాడు, మణికట్టు వెనక్కి వాల్చేశాడు. లావుపాటి లైను వెనకాల నేలమీద చాపలా పరుచుకుంది. ముందుకి లాగితే కాళ్ళ దగ్గర కుప్పపడింది. అన్నయ్య పెదాలు తెల్లబడ్డాయి. పళ్ళు బిగబట్టి భుజాన్ని రెండో చేత్తో పట్టుకోబోయి, తమ్ముడు చూస్తున్నాడని చెవి గోక్కున్నాడు.

"చెప్పు జారింది," అన్నాడు.

తమ్ముడు లైను చుట్టాడు. "ఆరు చేస్తానన్నయ్యా. గాలిని చీల్చేది బరువు కాదు, లైను వేగం. తొమ్మిదికి వేగం తేవాలంటే భుజం కావాలి. ఆరైతే మోచెయ్యి కిందే ఉంచి పక్కవాటుగా, నీళ్ళకి దగ్గరగా కొట్టొచ్చు. ఆ ట్యూబు ఎంత దూరమని? హాయిగా పడుతుంది."

అన్నయ్య మొహం మాడ్చుకుని కొట్లోకి నడిచాడు. తమ్ముడి భార్య గుమ్మంలోకి మంచినీళ్ళు తెచ్చింది. ఆమెను చూడగానే అన్నయ్య మొహానికి మళ్ళీ కళ వచ్చింది.

"చూశావామ్మా, మీ ఆయన నన్ను ఆరు పట్టుకోమంటున్నాడు! ఆ బకెట్టు కథ నీకెప్పుడైనా చెప్పాడా?"

"మీరే చెప్పారు కదా బావగారూ," అంది ఆమె. చాలాసార్లే చెప్పాడు.

"ఇంకోసారి విను, ఏం పోయింది! వీడు పెళ్ళికాని కుర్రాడు. సొంతంగా మొదటి కర్ర చేసుకున్నాడు. మూడో నంబరు! దాన్ని చంకలో పెట్టుకుని రేవుకొచ్చాడమ్మా, బడికొచ్చే పిల్లాడిలాగ. బాగుందిరా, బలమెంతో చూద్దామని పడవలో నీళ్ళు తోడే బకెట్టు దాని చివర కట్టించాను. ఎత్తరా అన్నాను. వద్దన్నయ్యా, విరుగుతుందన్నయ్యా అని ఒకటే ఏడుపు. ఎత్తకపోతే నిన్నే నీళ్ళలో పడేస్తానన్నాను. ఎత్తాడు. ఫట్! చెరుగ్గడలా విరిగింది. ఆ ముక్క పట్టుకుని నిలబడ్డాడు చూడు, ఆ మొహం..." నవ్వలేక దగ్గాడు. "ఆరోజునుంచీ వీడు మూడు. నేను పెట్టిన పేరే!"

ఆమె గ్లాసు బల్లమీద పెట్టి లోపలికి పోయింది. తమ్ముడు ఊలు పోగు విప్పుతున్నాడు. ఆ పేరు రేవు దాటి వీధిలోకొచ్చింది. వీధి దాటి బడికి పోయింది. కూతురు ఒకరోజు "నాన్నా, మనల్ని మూడుగారు అంటారేం?" అని అడిగింది. చెప్పలేదు. సరస్సులో పడవెక్కేవాడి కర్రయినా, వాగులో దిగేవాడి కర్రయినా ఈ చుట్టుపక్కల అతని చేతి మీదుగా పోవాల్సిందే. అయినా పేరు మూడే.

"తొమ్మిది చెయ్యి," అన్నాడు అన్నయ్య వెళ్తూ. "ఆదివారం రేవుకి తీసుకురా. అందరి ముందూ నా చేతికివ్వాలి. తొమ్మిదికి కొత్త తొమ్మిదొచ్చిందని చూసి ఏడవాలి వెధవలు."

"అందరి ముందూనా?"

"అందరి ముందూ."

"సరే అన్నయ్యా," అన్నాడు. అన్నయ్య అడిగినదాంట్లో అతను ఒప్పుకున్నది అదొక్కటే.

మర్నాడు వదిన వచ్చింది. చేతిలో సంచీ ఉంది గానీ సంచీలో ఏమీ లేదు.

"మరిదీ, ఆయన చొక్కా నేనే తొడుగుతున్నాను," అంది కూర్చోకుండానే. "తల నేనే దువ్వుతున్నాను. ఈ సంగతి ఎవరికీ తెలీదు. నీకు చెప్పానని తెలిస్తే నన్ను చంపుతాడు."

"సందులో చూశాను వదినా. ఆరు చేస్తానన్నాను."

"ఆయన మంచం మీద పడుకుని నిన్ను తిడుతూనే ఉన్నాడు. అందుకే వచ్చాను. ఆరే చెయ్యి. పైన మాత్రం తొమ్మిదని రాయి."

అతను పిడికి బెండు బిళ్ళలు ఏరుతున్నాడు. చేతులాగాయి. "అన్నయ్య కర్ర పట్టుకోగానే తెలుసుకుంటాడు. లైను చూస్తేనే తెలుస్తుంది."

"తెలుస్తుంది. తెలిసీ ఊరుకుంటాడు. నోరెత్తకుండా విసిరేసి, ట్యూబులో వేసి, ఇంటికొస్తాడు. ఆ అంకె ఆయన కోసం కాదు నాయనా, రేవులో చదివేవాళ్ళ కోసం. ఒక్క అంకె. నీకేం పోయింది?"

"నా కర్ర మీద అబద్ధం రాయను వదినా. ఇంతవరకూ రాయలేదు."

వదిన అతని మొహంలోకి చూసింది. "నిజాయితీ అని నువ్వు అనుకో. నాకైతే పగలాగే ఉంది."

అతను ఒక బిళ్ళను వెలుతురుకి ఎత్తి చూసి, చిల్లులున్నాయని పక్కన పడేశాడు. వదిన ఖాళీ సంచీ మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది. గుమ్మం దాకా కూడా వెళ్ళి సాగనంపలేదతను.

ఆ వారం వేరే పని ముట్టుకోలేదు. వెన్ను గీసి పెట్టుకున్న బొంగే ఆరో నంబరుది. దొరికినవాటిలో మేలైనది, నడుమ దాకా మెత్తగా వంగి, ఆగమన్నచోట ఆగేది. ఇలాంటిది తన చేతులతో తనే విసరాలనుకుని ఎన్నాళ్ళనుంచో దాచుకున్నాడు. అన్నయ్య కొట్లో వదిలి వెళ్ళిన పాత కర్ర పిడి విప్పలేదు గానీ దాని మీద బొటనవేలు అరగదీసిన గుంటను కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది ఎత్తుకున్నాడు. ఏళ్ళ తరబడి అదేచోట నొక్కితే పడిన గుంట. పాత కర్రను ఆ సాయంత్రమే అన్నయ్య ఇంటికి పంపేశాడు. కొత్త పిడికి బెండు బిళ్ళలు ఒకదానికొకటి అంటించి, బిగించి, ఆరాక గరుకు కాగితంతో సాన పట్టాడు. పిడి కాస్త లావుగా ఉంచాడు. భుజం నొప్పి ఉన్నవాడు సన్నటి పిడిని గట్టిగా పట్టుకుంటాడు, గట్టిగా పట్టుకుంటే నొప్పి ఇంకా పైకి పాకుతుంది. గుంటను ఆ కాగితంతో పోల్చుకుంటూ కొంచెం కొంచెంగా తొలిచాడు. తన బొటనవేలు అందులో పెట్టి చూసుకున్నాడు. వదులుగా ఉంది. అన్నయ్య వేలు పెద్దది.

రింగులకి దారం చుట్టాడు. చుట్టు మీద చుట్టు ఎక్కకుండా, మధ్యలో వెంట్రుక దూరే సందు లేకుండా. చివర కొసను చుట్ల కిందికే లాగి కోశాడు. ముడి కనపడకూడదు.

కర్ర తయారయ్యాక పెరట్లో కడవ మూతంత వలయం ముగ్గుపిండితో గీశాడు. నడుం బెల్టు తీసి తన కుడి మోచెయ్యిని పక్కటెముకలకి బిగించి కట్టమన్నాడు భార్యను.

"ఎందుకండీ?"

"అన్నయ్య భుజం ఎంతవరకు లేస్తుందో అంతే లేవాలి."

ఆమె బిగించింది. అతను పక్కవాటుగా, నేలకి దగ్గరగా విసిరాడు. మొదటిది వలయం దాటిపోయింది. లైను కొంచెం కురచ చేసుకుని మళ్ళీ విసిరాడు. ఊలు పోగు వలయం మధ్యలో వాలింది. గాలి లేచేదాకా ఆగి గాలికి ఎదురుగా విసిరాడు. అప్పుడూ మధ్యలోనే వాలింది. చెయ్యి తిమ్మిరెక్కేదాకా విసిరాడు. ఇక గురి తప్పదని నమ్మకం కుదిరింది.

"సొంత పిల్లకి కూడా ఇంత శ్రద్ధగా ఏదీ చేసి ఇవ్వలేదు మీరు," అంది భార్య బెల్టు విప్పుతూ. ఆమె మొహంలో ఏదో మెత్తబడింది. "పోనీలెండి. అన్నయ్యే కదా."

అంకె రాయడం మిగిలింది. మామూలుగా పిడికి పైన, బియ్యపు గింజంత అక్షరంతో, నల్లటి బొంగు మీద బూడిదరంగు సిరాతో రాస్తాడు. కావలసినవాడు దగ్గర పెట్టుకుని చదువుకోవాలి. ఆరోజు తెల్ల పెయింటు డబ్బా మూత తీశాడు. ఇంకో కుంచె వెతుక్కున్నాడు. పొడుగ్గా, స్పష్టంగా, షెడ్డు అవతలి గోడ నుంచి కూడా కనపడేలా ఆరు అంకె వేశాడు. వేసి, ఊది, పైన వార్నిషు పూశాడు. వార్నిషు ఆరితే ఇక గీకినా పోదు.

భార్య చూసింది. "ఇంత పెద్దగా ఎప్పుడూ రాయరుగా?"

"అన్నయ్యకి చూపు తగ్గింది."

ఆమె మొహంలో మెత్తబడినదంతా మళ్ళీ గట్టిపడింది. బెల్టు అతని ఒళ్ళో పడేసి లోపలికి వెళ్ళింది.

ఆదివారం గాలి బాగా ఉంది. నీళ్ళమీద ట్యూబు ఎగిరెగిరి పడుతోంది. గైడ్లందరూ రేవు మెట్ల మీద నిలబడ్డారు. యజమానురాలు గొడుగు ముడిచి చేత్తో పట్టుకుంది. వదిన షెడ్డు గోడకి ఆనుకుని నిలబడింది. ఏడు రెండో విసురుకి వేశాడు. ఎనిమిది మొదటిసారికే వేసి మీసం తడుముకున్నాడు. అన్నయ్య వంతొచ్చేదాకా తమ్ముడు రోడ్డు మలుపులోనే ఆగాడు. గుడ్డసంచీలో కర్ర చేతిలోనే ఉంది.

"ఏరీ, మీ తమ్ముడు?" అంది యజమానురాలు.

"వస్తాడు. వాడెప్పుడూ ఇంతే, మూడో నంబరు మనిషి," అని అన్నయ్య అందర్నీ నవ్వించాడు. "పాతదానితోనే కానిస్తాను. వాడి కోసం ఆగేదేంటి!"

పడవలోకి దిగి తన తొమ్మిదిని ఎత్తాడు. మోచెయ్యి రొమ్ము దగ్గర ఆగింది. నడుం తిప్పాడు. లైను వెనక్కి పోతూ గాలికి చిక్కి అతని మీదికే వాలింది. ముందుకి కొట్టేసరికి మెడ చుట్టూ రెండు మెలికలు తిరిగి, ముల్లు టోపీకి గుచ్చుకుని టోపీని ఎత్తుకుపోయి నీళ్ళలో పడేసింది.

మెట్ల మీంచి ఏడు అన్నాడు: "తొమ్మిదిగారు టోపీని పట్టారు! బరువెంతుందో తూయండర్రా!"

అందరూ ఒక్కసారే పగలబడ్డారు. ఇన్నేళ్ళూ అన్నయ్య నవ్విస్తే నవ్వినవాళ్ళే వాళ్ళంతా. అన్నయ్య మెడకి చుట్టుకున్న లైను తీసుకోవడానికి చెయ్యి ఎత్తబోయి ఎత్తలేకపోయాడు. వదిన పడవలోకి దిగి మెలికలు తీసింది. అది చూసి ఇంకా నవ్వారు.

"ఇంకొక్కసారి ఉంది," అంది యజమానురాలు. ఆమె నవ్వలేదు. "తాళం ఎక్కడుంది? దగ్గర పెట్టుకోండి."

అప్పుడు తమ్ముడు మెట్లు దిగాడు. సంచీ మూతి విప్పి కర్రను బయటికి తీశాడు. తెల్లటి అంకె ఎండలో మెరిసింది. నవ్వు ఆగిపోయింది. అందరూ దాన్ని చదివారు. అన్నయ్య కూడా చదివాడు.

అన్నయ్య అతని వైపు చూడకుండా చెయ్యి చాచాడు. నీళ్ళకేసి చూస్తున్నాడు. చెయ్యి ఖాళీగానే గాల్లో ఉండిపోయింది.

"ఏ నంబరు కావాలన్నయ్యా?"

వదిన తలెత్తింది. "మరిదీ, వద్దు నాయనా..."

"నువ్వు తొమ్మిది అడిగావు. నేను తెచ్చింది అది కాదు. పొరపాటున ఇచ్చానంటే రేపు నన్నే అంటావు. ఏది కావాలో నువ్వే చెప్పు."

"ఇవ్వరా," అన్నాడు అన్నయ్య పళ్ళ మధ్య నుంచి.

"ఏది?"

"ఆరు."

"గాలికి వినపడలేదు."

అన్నయ్య తిరిగాడు. అతని కళ్ళలో నీళ్ళు భుజం నొప్పికి వచ్చాయో, దేనికి వచ్చాయో. ఆ మొహాన్ని తమ్ముడు గుర్తుపట్టాడు. విరిగిన ముక్క పట్టుకుని ఇవే మెట్ల మీద నిలబడినప్పుడు నీళ్ళలో తన మొహం ఇలాగే కనపడింది.

"ఆరు," అన్నాడు అన్నయ్య గట్టిగా. "ఆరో నంబరు ఇవ్వు."

"ఇదిగో ఆరూ," అన్నాడు తమ్ముడు. అన్నయ్యా అనలేదు.

మెట్ల మీద ఎవరో ఆ మాటను మెల్లగా మరోసారి అన్నారు. మరొకరు అందుకున్నారు. ఇంటికెళ్ళేలోపు అది వీధి దాకా పోతుంది.

అన్నయ్య కర్ర అందుకున్నాడు. వేళ్ళు పిడి చుట్టూ మూసుకున్నాయి. బొటనవేలు తనంతట తనే వెతుక్కుంటూ వెళ్ళి గుంటలో కూర్చుంది. సరిగ్గా పట్టింది, వెంట్రుకవాసి తేడా లేదు. అన్నయ్య ఉలిక్కిపడి పిడికేసి చూశాడు. తర్వాత తమ్ముడి చేతులకేసి చూశాడు. ఏదో అనబోయాడు.

"మోచెయ్యి ఎత్తకు. పక్కవాటుగా కొట్టు," అన్నాడు తమ్ముడు.

ఈగ ఎక్కడ పడుతుందో అతనికి తెలుసు. చూడాల్సిన పని లేదు. ఖాళీ సంచీ మడిచి జేబులో పెట్టుకుని, వదిన నిలబడినవైపు కాకుండా రెండోవైపు నుంచి మెట్లెక్కాడు.